చిన్నమ్మి ల్యాప్‌టాప్ మీద జీలుగు కల్లు

కిరందుల్ ఇనుప గనుల టౌన్‌షిప్‌లో చిన్నమ్మిని ఎరగని ఆడవాళ్ళు తక్కువ. క్వార్టర్ ముందు గదిలో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషిన్ పెట్టుకుని బ్లౌజుల మీద లతలు, బడిపిల్లల డ్యాన్సు బట్టల మీద నెమళ్ళు కుట్టేది. మెషిన్లు ఉన్నవాళ్ళు ఊళ్ళో ఇంకా ఇద్దరు ముగ్గురు లేకపోలేదు. వాళ్ళంతా డిజైన్లు బయట కొనుక్కునేవాళ్ళు. చిన్నమ్మి తనే గీసుకునేది. కాగితం మీద కాదు, ల్యాప్‌టాప్ మీద. కీబోర్డు కింద నున్నటి చిన్న పలకలా ఉండే టచ్‌ప్యాడ్ మీద చూపుడువేలు ఆనించి, ముగ్గు గీత లాగినట్టు లాగితే తెరమీద కొమ్మ సాగేది. ఆ గీతని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి మెషిన్‌కి పెడితే దారంగా మారి గుడ్డ మీదికి వచ్చేది.

మొదట్లో కొడుకు మౌస్ కొనిచ్చాడు. నాలుగు రోజులు వాడి పక్కన పడేసింది. "అది పట్టుకుంటే రాయి పట్టుకుని గీస్తన్నట్టుంది నాకు. వేలైతే నా మాట వింటది" అంది.

చిన్నమ్మి పుట్టింది విజయనగరం దగ్గర పల్లెలో అయినా, పెరిగింది మాత్రం ఇక్కడే. రైలు పట్టాలు వేసే కూలీల్లో ఒకడిగా వాళ్ళ నాన్న కొండెక్కి వచ్చాడు. వచ్చిన మనిషి బాగా పని చేశాడు, అంతకంటే బాగా తాగాడు. అందుకే కల్లు, సారా వాసన చిన్నమ్మికి ఇప్పటికీ పడదు. పెళ్ళిచూపుల్లో భూషణాన్ని ఆమె అడిగిన ఒకే ఒక ప్రశ్న, "తాగుతారా?" అని. లేదన్నాడు, అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఆయన లోడింగ్ ప్లాంటులో పని. ఇనుప రాయి వ్యాగన్లలో పడే చోట. రోజూ ఇంటికి వచ్చేసరికి కనుబొమలు కూడా ఎర్రగా ఉండేవి.

కొడుకు పేరు రాఘవులు, తాతగారి పేరే. అదే ప్లాంటులో ఎలక్ట్రీషియన్. వానలు తగ్గిన రోజుల్లో ఒక సాయంత్రం వాడు టీ గ్లాసు చేతిలో పట్టుకుని, తల్లి వైపు చూడకుండా, మెషిన్ వైపు చూస్తూ, "అమ్మా, నేనొక అమ్మాయిని చేసుకోవాలనుకుంటున్నాను" అన్నాడు.

"ఎవరా పిల్ల?"

"ఇర్మె. మా ప్లాంటులోనే. మీటర్లు, సెన్సర్లు చూసే సెక్షన్."

"ఏ ఊరు?"

"గొల్లపల్లి. కోంటా దగ్గర. దొర్ల తెగవాళ్ళు."

చిన్నమ్మి దారం తెంపి, సూది కింద గుడ్డ సర్దింది. కోపం కాదు. భయమంటే భయమూ కాదు. విజయనగరంలో అన్నదమ్ములు ఏమంటారో, పెళ్ళికి వాళ్ళు వస్తారో రారో, వచ్చినా ఈ పిల్ల వాళ్ళతో ఏం మాట్లాడుతుందో. "అడవి తట్టు పిల్ల" అని ఎవరైనా మూతి విరిస్తే తను ఏం చెప్పాలో. ఇవన్నీ ఒక్కసారే తలలోకి వచ్చాయి.

"వాళ్ళ నాన్న వచ్చే ఆదివారం వస్తాడట" అన్నాడు రాఘవులు. "మాటకి రమ్మన్నాను."

"రమ్మనీసి ఇప్పుడు చెప్తన్నావా?" అంది చిన్నమ్మి.

ఆదివారం వాళ్ళు మధ్యాహ్నానికి వచ్చారు. ఇర్మె తండ్రి పేరు మాడ. ఆయన గొల్లపల్లి నుంచి బస్సులు మారి ముందురోజే దంతెవాడ చేరి, అక్కడ చుట్టాలింట్లో పడుకుని, పొద్దున్నే జీపెక్కాడు. సన్నటి మనిషి. తెల్లటి చొక్కా మడత నలగకుండా కూర్చోవడానికి దారంతా కష్టపడ్డట్టు తెలుస్తూనే ఉంది. ఇర్మె ఆకుపచ్చ చీరలో, చూపు నేలమీదినుంచి ఎత్తకుండా వచ్చింది. తల్లి పేరు లక్కే, ఆమె రాలేదు. వరి కోతకొచ్చింది, అడవి పందులు పడకుండా కాపలా ఉండాలని.

మాడ చేతిలో ఒక సొరబుర్ర ఉంది. మూతికి ఆకు మడిచి కుక్కి ఉంది. దాన్ని రెండు చేతులతో ముందుకు చాచాడు.

"జీలుగు కల్లక్కా. పొద్దుగాల మా చుట్టపోళ్ళ చెట్టుది. సంబంధానికి పోతా వట్టి చేతుల్తో పోరాదు మాకు."

చిన్నమ్మి మొహం మారింది. భూషణం ఆమె మొహం చూశాడు. ఆమె ఆయన మొహం చూసింది. వద్దనలేక రెండు చేతులా అందుకుంది. ఎండలో జీపులో ఊగుతూ వచ్చిన కల్లు లోపల పొంగుతూ ఉందని అక్కడున్నవాళ్ళెవరికీ తట్టలేదు. త్వరగా వంటగదిలో ఒక మూల పెట్టేద్దామని, వాసన తగలకుండా తల పక్కకి తిప్పుకుని, బుర్ర మెడ పట్టుకుని లేచింది చిన్నమ్మి. మెషిన్ బల్ల పక్కనుంచి పోవాలి. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి ఆకు బిరడా ఠప్పున ఎగిరింది. ఉలిక్కిపడి ఆమె చెయ్యి వదిలింది. బుర్ర బల్ల అంచుకి తగిలి వాలింది. తెల్లటి నురగతో కల్లు, తెరిచి ఉన్న ల్యాప్‌టాప్ మీద అడ్డంగా పారింది.

"అయ్యో, అయ్యో" అంటూ మాడ లేచాడు. భూషణం తువ్వాలు కోసం లోపలికి పరుగెత్తాడు. రాఘవులు బుర్రని పైకెత్తాడు.

అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని ఇర్మె, కుర్చీలోంచి ఒక్క ఉదుటున వచ్చి, ముందు గోడదగ్గర చార్జర్ పీకేసింది. తర్వాత పవర్ బటన్ మీద వేలు నొక్కి పట్టి, తెర నల్లగా అయ్యేదాకా వదల్లేదు. ల్యాప్‌టాప్‌ని తలకిందులుగా తిప్పి, గుడారంలా తెరిచి తువ్వాలు మీద బోర్లించింది. చీర కుచ్చిళ్ళ మీద కల్లు కారింది. ఆమె చూసుకోలేదు.

"రాఘవులూ, ఫ్యాన్ ఇటు తిప్పు. వేడి గాలి వద్దు. ఎవరూ ఆన్ చేయొద్దు, రెండు మూడు రోజులు. సరేనా?"

ఆ గొంతు ప్లాంటు గొంతు. పక్కన కన్వేయర్ తిరుగుతున్నప్పుడు మాట్లాడే గొంతు. అన్న తర్వాత తనే విని సిగ్గుపడి, మళ్ళీ చూపు కిందికి దించుకుంది.

"బియ్యంలో పెట్టాలేమో కదా?" అన్నాడు భూషణం.

"వద్దంకుల్. బియ్యం పొట్టు లోపలికి పోతది" అంది ఇర్మె మెల్లగా.

మాడ గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. "తప్పు నాది. బిరడా గట్టిగా కుక్కిన్నేను. గాలి పోనియ్యాలె గదా. ముసలోణ్ణయిన, నాకు తెల్వదా ఏంది?"

"మీదేటి తప్పు?" అంది చిన్నమ్మి. "పట్టుకున్నది నేను, ఒగ్గేసింది నేను. వాసన పడక మొహం తిప్పుకుని నడిచాను. చూసుకుని నడిస్తే ఎందుకు పడతది?"

ఇద్దరూ తప్పు నాదంటే నాదని కాసేపు పోట్లాడారు. ఆ రోజు పెళ్ళిమాట ఎవరూ ఎత్తలేదు. ఎవరికీ అన్నం సహించలేదు. పోయేముందు మాడ గుమ్మంలో ఆగి, బోర్లించి ఉన్న ల్యాప్‌టాప్ వైపు, ఇంట్లో జబ్బుమనిషిని చూసినట్టు చూశాడు.

బుధవారం ఆన్ చేస్తే తెర వెలిగింది. చిన్నమ్మి ఇంటిదేవుడికి దండం పెట్టుకుంది. కీబోర్డు మీద ఒకటి రెండు అక్షరాలు జిగటగా ఉన్నా పనిచేస్తున్నాయి. కానీ టచ్‌ప్యాడ్‌కి పిచ్చి పట్టింది. ఆమె వేలు పెట్టకుండానే బాణం గుర్తు తెరమీద పరుగెత్తేది. ఒక మూలకి పోయి అక్కడే వణికేది. గీసిన డిజైన్ తెరిస్తే, తనంతట తనే క్లిక్ అయి లత మధ్యలోంచి అడ్డగీత లాగేసేది. నొక్కితే పలక కిందికి పోయి పైకి రాకుండా అతుక్కునేది.

రాఘవులు ఆ టచ్‌ప్యాడ్‌ని సెట్టింగుల్లో ఆపేసి, పాత మౌస్ తగిలించాడు. అప్పటికి పని నడిచింది. కానీ చిన్నమ్మి గీసిన ఆకు ఆకులా రాలేదు. ఒక చామంతి గీసి చూసుకుని, "ఇది గోబీ పువ్వులాగుంది" అని తుడిచేసింది. బజార్లో మొబైల్ దుకాణంవాడు చూసి, కొత్త పలక తెప్పించాలి, రాయపూర్ నుంచి రావాలి, ఈ మోడల్‌కి దొరుకుతుందో లేదో చెప్పలేనన్నాడు.

శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర భూషణం అన్నాడు, "ఆ పిల్లనే ఒకసారి చూడమందామా?"

"ఏ మొహం పెట్టుకుని అడుగుతాం? వచ్చిన పిల్లకి ముద్ద కూడా పెట్టలేదు."

"ఆ పిల్లే అడుగుతుందమ్మా రోజూ" అన్నాడు రాఘవులు. "ఎలా ఉంది, బాణం ఎక్కడికి పోతుంది, ఏ మూల ఆగుతుంది అని. ప్లాంటులో సెన్సర్‌కి నీళ్ళు తగిలినా ఇలాగే చేస్తుందట. కాకపోతే నువ్వు పిలవకుండా రానంది."

చిన్నమ్మి ఒక్క క్షణం ఆలోచించి, "ఫోన్ కలుపు" అంది.

ఆదివారం రాఘవులుకి పొద్దుటి షిఫ్టు పడింది. ఇర్మె ఈసారి చీర కట్టలేదు. రోజూ ప్లాంటుకి వేసుకునే ప్యాంటు, చొక్కా, భుజానికి సంచి. వెనక మాడ కూడా ఉన్నాడు. ఆయన ఊరికి పోనేలేదు.

"వారం నుంచి దంతెవాడల్నే ఉన్న బావా" అన్నాడు భూషణంతో. "ఇది బాగుపడకుండ ఇంటికి పోతే మా ఆడమనిషి ఊకుంటదా? 'పిల్ల సంబంధానికి పోయి ఓళ్ళ మిషను ముంచొచ్చినవా' అంటది."

భూషణం పకపకా నవ్వాడు. అలా 'బావా' అని పిలిచిన మనిషిని గుమ్మంలో నిలబెట్టలేక చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు.

మెషిన్ బల్ల మీద గుడ్డముక్కలన్నీ తీసేసి, చిన్నమ్మి తెల్లటి పాత దుప్పటి పరిచింది. ఇర్మె ల్యాప్‌టాప్ బోర్లా పెట్టి, పక్కన ఒక అట్టముక్క మీద దాని ఆకారం గీసింది. విప్పిన స్క్రూ మరని విప్పినట్టే, అది ఏ మూలదో ఆ మూలలో అట్టకి గుచ్చుతూ వచ్చింది.

"ఎందుకలాగ?" అడిగింది చిన్నమ్మి.

"ఒకటి పొడుగుంటది, ఒకటి పొట్టి. పొట్టిదాని చోట పొడుగుది పెడితే లోపల పలకకి బొక్క పడతది ఆంటీ."

"నేనూ బ్లౌజు విప్పితే హుక్కులు అలాగే పెట్టుకుంటాను" అంది చిన్నమ్మి, తనకు తెలియకుండానే కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.

అడుగు మూత తీసేసరికి లోపలంతా ఎర్రగా ఉంది. ఫ్యాను రెక్కల మీద, సందుల్లో, ఇనుప రాయి దుమ్ము పేరుకుని ఉంది. ఇంతకాలం తుడిచిన బల్ల మీద, ఉతికిన పరదాల మీద కనబడే దుమ్మే. ఇందులోకీ వచ్చి కూర్చుందన్నమాట. చిన్నమ్మి మెషిన్ శుభ్రం చేసే మెత్తటి కుంచె తెచ్చి ఇచ్చింది. ఇర్మె ముందు బ్యాటరీ తీగ ఊడదీసి, బ్యాటరీ పక్కన పెట్టి, ఆ తర్వాత దుమ్ము దులిపింది.

బ్యాటరీ కిందే ఉంది టచ్‌ప్యాడ్ వెనకవైపు. దానికి కాగితంలా పల్చటి, వెడల్పాటి తీగ ఒకటి పోయి, ఒక చిన్న నల్లటి గొళ్ళెం కింద దూరి ఉంది. ఇర్మె గోటితో ఆ గొళ్ళెం ఎత్తింది. కల్లు ఎండి గొళ్ళెం కింద బంకలా పట్టేసి ఉంది. కొంచెం బలం పెట్టింది. టిక్‌మని చిన్న చప్పుడైంది.

ఇర్మె చెయ్యి ఆగిపోయింది. గొళ్ళెం రెండు ముక్కలై ఒకటి ఆమె వేలికి అంటుకుని వచ్చింది.

ఇర్మె మొహం పాలిపోయింది.

"ఆంటీ, ఇరగ్గొట్టిన్నేను. తీగని అదిమి పట్టేదిదే. ముందు తడిపి నానబెట్టాల్సింది. తొందరపడిన."

చిన్నమ్మి ఆ ముక్కని చూసింది. ఆవగింజంత లేదు. తర్వాత ఆ పిల్ల మొహం చూసింది. దాచలేదు, పక్కకి నెట్టి ముందుకి పోలేదు, బంకదే తప్పనలేదు. ఈ ఇంట్లో కోడలుగా నిలవాల్సిన పిల్ల, అత్తగారి వస్తువు విరిగిన నిమిషంలోనే విరిగిందని చెప్పింది.

"ఇరిగితే ఇరిగింది. సూదులు ఎన్ని ఇరగ్గొట్టలేదు నేను? దీనికేటి దారి, అది చెప్పు."

ఇర్మె ఊపిరి వదిలింది. "దారి ఉంది. సన్నగా టేపు కత్తిరించి తీగ మీద అంటిస్తే బిగుతు వస్తది, అప్పుడు గొళ్ళెం లేకపోయినా నిలుస్తది. కాని ముందు దీన్ని కడగాలె."

టచ్‌ప్యాడ్ బయటికి వచ్చింది. అరచేతిలో సగం లేదు. వెనక్కి తిప్పితే, క్లిక్ అనే చోట ఒక చిన్న రేకు, దాని చుట్టూ పసుపుపచ్చగా, గట్టిపడిన పాకంలా కల్లు. ఇర్మె సంచిలోంచి స్పిరిట్ సీసా తీసి, దూది పుల్ల ముంచి రుద్దింది. రుద్దిన కొద్దీ పాకం తెల్లబడింది తప్ప వదల్లేదు. ఇంకో పుల్ల. ఇంకోటి. చివరికి పుల్లకున్న దూదే అతుక్కుని ఊడిపోయింది.

"ప్లాంటులో నూనె, గ్రీజు అంతా దీంతోనే పోతది. ఇదెందుకు పోతలేదు?" ఇర్మె తనలో తను అనుకుంటున్నట్టు అంది. పలకని వెలుతురుకి ఎత్తి తిప్పి తిప్పి చూసింది. ఉన్నట్టుండి నవ్వింది. "ఇది గ్రీజు గాదు ఆంటీ, చక్కెర. చక్కెర స్పిరిట్‌ల కరగదు. మా అమ్మ కల్లు కుండలు నీళ్ళతోనే గదా కడుగుతది! నీళ్ళు కావాలె. కాని కుళాయి నీళ్ళు వద్దు. ఇక్కడి నీళ్ళల్ల ఇనుము ఉంటది."

"ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే నీళ్ళు ఉన్నాయి. డబ్బా సగం ఉంది" అంది చిన్నమ్మి, అప్పటికే లేస్తూ.

ఆ నీళ్ళు గిన్నెలో కొంచెం గోరువెచ్చగా చేసి తెచ్చింది. దూది తడిపి పాకం మీద పెట్టి ఇద్దరూ కూర్చున్నారు. ఈసారి ఇర్మె తొందరపడలేదు. పాకం మెత్తబడేదాకా ఏం చేయాలో తెలియక ఒకరినొకరు చూసుకున్నారు.

"రాఘవులు ఇంట్లో ఎలాగుంటాడో నీకు తెలుసా?" అంది చిన్నమ్మి.

"ఎట్లుంటడు?"

"తిన్న కంచం తియ్యడు. ముందే చెప్తన్నాను."

"హాస్టల్‌ల నేను ఎనిమిదో తరగతి నుంచి ఉన్న ఆంటీ. తీయనోళ్ళ కంచాలు వాళ్ళ మంచం మీదనే పెట్టేటోళ్ళం." అని నాలిక కరుచుకుంది ఇర్మె.

చిన్నమ్మికి నవ్వు ఆగలేదు. వంటగదిలోంచి భూషణం తల బయట పెట్టి చూశాడు.

వంటగదిలో ఇద్దరు మగవాళ్ళూ కూర వండుతున్నారు. మాడ సంచిలో వెదురు కొమ్ములు, ఎండబెట్టిన లేత వెదురు మొలకలు, తెచ్చాడు. బజారుకి పోయి ఇద్దరూ కోడి తెచ్చారు. కారం ఎంత వేయాలన్న దగ్గర మాట పెరిగింది.

"ఏంది బావా, గింతేనా?"

"మా ఇంట్లో కారం ఎక్కువైతే అందరికీ కడుపులో మంటే బావా. ఇంతే చాలు."

"తిన్నంక చెప్పు."

పాకం మెత్తబడింది. చిన్నపిల్లల పళ్ళ బ్రష్షుతో మెల్లగా తోమితే పసుపు నీరై వచ్చేసింది. రేకు కింద నుంచి కూడా వచ్చేసింది. చిన్నమ్మి వేలు పెట్టి నొక్కి చూసింది. టిక్, టిక్. పైకి లేస్తోంది. ఆ తర్వాత ఇర్మె తడంతా పోవడానికి స్పిరిట్‌తో తుడిచి, ఫ్యాను కింద పెట్టింది. కోడి ఉడికే వాసన ఇల్లంతా నిండేదాకా అలాగే ఆరనిచ్చారు.

తిరిగి బిగించే పని వచ్చింది. ఇర్మె టేపు సన్నగా కత్తిరించి తీగ కొసన అంటించింది. ఇప్పుడు ఆ కొసని గొళ్ళెం లేని సందులోకి సూటిగా దూర్చాలి. రెండుసార్లు పక్కకి జారింది. మూడోసారీ జారింది. కన్వేయర్ పక్క మీటర్ల మీద పనిచేసే చేతులవి. పెద్ద పెద్ద నట్లు తిప్పి తిప్పి వేలికొసలు గట్టిపడి ఉన్నాయి.

"ఇటియ్యి" అంది చిన్నమ్మి.

కళ్ళద్దాలు సర్దుకుని, పూసలు గుచ్చేటప్పుడు వాడే, సన్నటి పట్టకారు లాంటి చిమటా తీసుకుంది. ఊపిరి బిగబట్టింది. తీగ కొస చిమటాతో పట్టి, ఎడమచేతి చిటికెన వేలు బల్లకి ఆనించి, సూదిలో దారం ఎక్కించినట్టు మెల్లగా తోసింది. లోపలికి పోయింది. ఇర్మె టార్చి వేసి వంగి చూసి, "తీగ మీది తెల్లగీత సమంగ ఉంది. పోయింది ఆంటీ, పూర్తిగా పోయింది!" అని ఆమె భుజం పట్టుకుంది. పట్టుకున్నాక తీసేయబోయింది. చిన్నమ్మి ఏమీ పట్టనట్టు ఉండిపోయింది, అందుకని చెయ్యి అక్కడే ఉంది.

బ్యాటరీ పెట్టారు. అట్టమీది మరలు ఏ మూలవి ఆ మూలకి పోయాయి. మాడ, భూషణం చేతులు తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడ్డారు. ఇర్మె బటన్ నొక్కింది. తెర వెలిగింది. సెట్టింగుల్లో రాఘవులు ఆపేసినదాన్ని తిరిగి కలిపింది.

బాణం గుర్తు తెర మధ్యలో నిలబడింది. పరుగెత్తలేదు. వణకలేదు.

"మీరు పెట్టండి ఆంటీ."

చిన్నమ్మి చూపుడువేలు ఆనించి కుడివైపు లాగింది. బాణం కుడివైపు పోయింది. ఎడమకి, పైకి, చుట్టూ. నొక్కింది. కొంచెం గట్టిగా ఉంది, వేలు నొప్పెట్టేంత.

"మర ఎక్కువ బిగించిన. ఆగండి" అని ఇర్మె మళ్ళీ మూత తీసి, బ్యాటరీ తీగ ఊడదీసి, టచ్‌ప్యాడ్ పట్టీ మర ఒకటి కొంచెం వదులు చేసింది. ఈసారి నొక్కితే పాత రోజుల్లో ఉన్నట్టే మెత్తగా పోయింది.

మాడ ఎవరికో దండం పెట్టాడు. "ఇగ నేను ఇంటికి పోవచ్చు" అన్నాడు.

"ఇంటికేటి, ముందు కంచాల దగ్గరికి పదండి" అంది చిన్నమ్మి.

రాఘవులు షిఫ్టు దిగి, మొహం కడుక్కుని వచ్చేసరికి అందరూ నేలమీద వరసగా కూర్చుని తింటున్నారు. వెదురు కొమ్ముల కోడికూర కారంగానే ఉంది. భూషణం కళ్ళు తుడుచుకుంటూ మూడోసారి వడ్డించుకున్నాడు. తల్లి పక్కన ఇర్మె కూర్చుని ఉండడం చూసి రాఘవులు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నిలబడ్డావేటి? కంచం తెచ్చుకో" అంది చిన్నమ్మి. "తిన్నాక తీసి కడగాలి కూడా. లేకపోతే నీ మంచం మీద పెడతారంట."

ఇర్మె కొంగు లేదు కాబట్టి మోచేత్తో మొహం కప్పుకుంది.

భోజనాలయ్యాక పెళ్ళి మాట మాడే ఎత్తాడు. ఆయన చెప్పిన పద్ధతులు కొన్ని భూషణానికి కొత్త. భూషణం చెప్పినవి కొన్ని మాడకి కొత్త. రెండువైపులవీ చేద్దామని తేలింది. ముహూర్తం మాట వచ్చినప్పుడు చిన్నమ్మి అడ్డుపడింది.

"ముందు నేను ఆ పిల్ల తల్లిని చూడాలి. ఆవిడ ఇక్కడికి రాలేదు, మేము అక్కడికి పోలేదు. మనమే మాట్లాడేసుకుంటే ఎలాగ? కోతలెప్పుడు అయిపోతాయి?"

"ఇంకో పది పదిహేను దినాలక్కా."

"అయితే తర్వాత మేమే వస్తాం." అని, మళ్ళీ తనే అంది, "విజయనగరం నుంచి మా పెద్దన్నయ్యని కూడా పిలుస్తాను. ఆయనకి నోరెక్కువ. ఏదైనా అంటే మీరు ఏటనుకోకూడదు. నేను చూసుకుంటాను."

మాడ నవ్వాడు. "మా పెద్దకొడుకు కేసా ఉన్నడు. వానికీ నోరెక్కువే. ఇద్దర్నీ ఒక్క మంచం మీద కూసోబెడదాం."

ఎండ వాలేసరికి దంతెవాడ జీపు కోసం మాడ బయల్దేరాడు. భూషణం, రాఘవులు ఆయన్ని స్టాండుదాకా దిగబెట్టడానికి వెళ్ళారు. ఇర్మె తనుండే ఉద్యోగినుల హాస్టల్‌కి పోవడానికి ఇంకా టైముంది. చిన్నమ్మి వారం రోజుల నుంచి ఆగిపోయిన డిజైన్ తెరిచింది. బడి వార్షికోత్సవానికి పిల్లల గౌన్ల అంచు. లత మధ్యలో ఆ పిచ్చి బాణం లాగిన అడ్డగీత ఇంకా అలాగే ఉంది. దాన్ని చెరిపేసి, వేలు ఆనించి, ఆగిన చోటి నుంచి కొమ్మ సాగదీసింది.

ఇర్మె పక్కన నిలబడి చూస్తూ, "ఇదేం చెట్టు ఆంటీ?" అంది.

"చెట్టేటి, ఊరికే లత. పిల్లలకి బాగుంటుందని."

"ఇప్పపువ్వు గీస్తారా? గుత్తిగుత్తిగా ఉంటది. పిల్లలకు అందరికీ తెలుసు."

చిన్నమ్మి ఇప్పపువ్వు చూసింది గానీ గీయడానికి చూసింది కాదు. ఇర్మె వేలితో గాలిలో చూపించింది. కొమ్మ చివర గుత్తి, కిందికి వాలిన తొడిమలు, గుండ్రంగా ఉబ్బిన పువ్వు. చిన్నమ్మి గీసింది. ఇర్మె తల అడ్డంగా ఊపింది. ఆమె మళ్ళీ గీసింది.

"తొడిమ ఇంకొంచెం పొడుగు."

"ఇలాగా?"

"ఆ. ఇట్లనే."

"కూర్చో. నిలబడి చెప్తే మెడ నొప్పెడతది" అని చిన్నమ్మి పక్క కుర్చీలోని గుడ్డలు తీసి కింద పెట్టింది.

రాఘవులు స్టాండు నుంచి తిరిగి వచ్చేసరికి అంచు సగం అయింది. ఇద్దరూ తెరలోకి వంగి ఉన్నారు. వాడు వచ్చిన సంగతి వాళ్ళు గమనించలేదు. వాడు చెప్పుల చప్పుడు కాకుండా వంటగదిలోకి పోయి, టీకి నీళ్ళు పెట్టాడు.